ఎల్‌వీఎం3 ఎగురుతూనే ఉంది కదా, మరి గగన్‌యాన్‌కి ఇంత ఆలస్యం ఎందుకు?

#1 మూడోకక్ష్య
మన మనుషుల్ని మన రాకెట్‌లోనే అంతరిక్షానికి పంపే గగన్‌యాన్‌ని 2018 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రకటించారు, 2022 కల్లా అన్నారు. ఇప్పుడు 2027 అంటున్నారు. మొదట 9,023 కోట్లు, 2024 సెప్టెంబరులో కేబినెట్ దాన్ని 20,193 కోట్లు చేసింది. చూస్తే ఇస్రో పెద్ద రాకెట్ ఎల్‌వీఎం3 చంద్రయాన్-2ని మోసింది, చంద్రయాన్-3ని మోసింది, రెండు విడతల్లో 72 వన్‌వెబ్ ఉపగ్రహాలను వదిలింది. రాకెట్ ఉంది, శ్రీహరికోటలో ప్యాడ్ ఉంది, నలుగురు వ్యోమగాములు రష్యాలో ఏడాది శిక్షణ తీసుకుని వచ్చారు. ఇంకేం మిగిలింది? కోవిడ్ అని ఒక్క మాటలో తేల్చేయకండి దయచేసి. సాంకేతికంగా ఎక్కడ పని పడిందో తెలిసినవాళ్లు చెప్పండి.

#2 ఘనఇంధనం
ఇల్లలకగానే పండగ కాదండీ. ఉపగ్రహాన్ని మోసిన రాకెట్ అలాగే మనిషిని మోయడానికి పనికిరాదు. ఎల్‌వీఎం3లో మూడు దశలూ మళ్లీ అర్హత పరీక్ష రాయాల్సి వచ్చింది.

ఘన ఇంధన బూస్టర్ ఎస్200 తీసుకోండి. అది మూడు ముక్కలుగా పోతపోసి జోడించే మోటార్. రెండు ముక్కలు కలిసే చోట వేడి గ్యాస్ బయటికి రాకుండా ఆపేది ఓ-రింగ్ సీలు. 1986 జనవరి 28న ఛాలెంజర్‌ని 73వ సెకనులో కూల్చింది సరిగ్గా అలాంటి అతుకే. రాత్రి చలికి రబ్బరు బిగుసుకుపోయి, కేసింగ్ ఉబ్బినప్పుడు ఆ సందును వెంటనే పూడ్చలేకపోయింది. అందుకే మనుషుల కోసం చేసిన హెచ్ఎస్200లో అతుకుల దగ్గర సీళ్లు, ఇన్సులేషన్, ఇగ్నైటర్ అన్నింటికీ అదనపు రక్షణ పెట్టారు. 2022 మే 13న శ్రీహరికోట కేంద్రం షార్‌లో నేలమీద మండించి చూశారు. 203 టన్నుల ఇంధనం, 135 సెకన్లు.

అతి చల్లటి ద్రవ ఇంధనంతో నడిచే పై దశ క్రయోజెనిక్ ఇంజిన్ సీఈ-20 కథ ఇంకా పొడుగు. నాలుగు ఇంజిన్లు, 39 సార్లు మండించారు, మొత్తం 8,810 సెకన్లు. అర్హతకు కావలసింది 6,350 సెకన్లే. 2024 ఫిబ్రవరిలో తమిళనాడులోని మహేంద్రగిరిలో ముగిసింది. మధ్య దశలోని వికాస్ ఇంజిన్‌ని కూడా 240 సెకన్ల పాటు మండించి చూశారు. వాడకంలో ఎంతసేపు మండుతుందో అంతే మండిస్తే మార్జిన్ ఎంతుందో తెలియదు కదా.

ఇంకోటి. వికాస్ లాంటి ద్రవ ఇంజిన్లలో పోగో అనే ఊపు ఉంటుంది. ఇంధనపు గొట్టాల్లో పీడనం ఊగితే థ్రస్ట్ ఊగుతుంది, థ్రస్ట్ ఊగితే రాకెట్ ఊగుతుంది, అది మళ్లీ గొట్టాలను ఊపుతుంది. ఉపగ్రహానికి ఇది ఇబ్బంది. మనిషికి ప్రాణసంకటం. 2003 అక్టోబరు 15న చైనా తొలి వ్యోమగామి యాంగ్ లీవే షెంజౌ-5లో వెళ్తున్నప్పుడు సెకనుకు 8 సార్ల చొప్పున ఊపు సుమారు 26 సెకన్లు పట్టేసింది. మన లోపలి అవయవాలు స్పందించే పౌనఃపున్యం దాదాపు అదే. అంతకుముందు నాలుగు షెంజౌలు మనిషి లేకుండా ఎగిరాయి, వాటిలో కూర్చుని 'నొప్పిగా ఉంది' అని చెప్పేవాడు లేడు.

#3 నింగిచూపు
ఘనఇంధనం గారు చెప్పింది సగమే. రాకెట్ నమ్మకంగా ఉండడం ఒక ఎత్తు, అది చెడిపోయినా మనిషి బతకడం ఇంకో ఎత్తు. సమయం ఎక్కువగా తిన్నది రెండోదే.

ఎల్‌వీఎం3 పైకి లేచేది రెండు ఎస్200లతో మాత్రమే. ద్రవ ఇంజిన్లు రెండు నిమిషాల దరిదాపుల్లో గాలిలో అంటుకుంటాయి. ఘన ఇంధన మోటార్‌ని ఒకసారి వెలిగించాక ఆపే మీట లేదు. సోయజ్‌లోనో ఫాల్కన్‌లోనో ఇంజిన్లు అంటుకున్నాక తేడా కనిపిస్తే కంప్యూటర్ అక్కడికక్కడే ఆపేస్తుంది. ఇక్కడ ఆ అవకాశం మొదటి క్షణం నుంచే లేదు. పైగా వ్యోమగాములతో తప్పించుకునే మాడ్యూల్ ఆగిపోయిన రాకెట్ నుంచి కాదు, వెనకాలే తరుముకొస్తున్న రాకెట్ నుంచి పారిపోవాలి. బూస్టర్ పేలితే మండే ఇంధనపు ముక్కలు చుట్టూ ఎగురుతాయి. వాటి వేడి నైలాన్ పారాచూట్లకు తగలనంత దూరం పోవాలి.

అందుకే మాడ్యూల్‌ని లాక్కెళ్లడానికి పైన ఆ పొడుగాటి టవర్. అందులో తక్కువ ఎత్తుకి ఒక రకం మోటార్లు, ఎక్కువ ఎత్తుకి ఇంకో రకం, పని అయ్యాక టవర్‌ని విసిరేయడానికి మరో రకం. అన్నీ ఘన ఇంధనమే. ఇక్కడ కావలసింది పొదుపు కాదు, తక్షణం. పక్కన జల్లెడలా కనిపించే గ్రిడ్ ఫిన్లు పారిపోయేటప్పుడు బొంగరంలా తిరగకుండా చూస్తాయి.

టవర్ ఉత్తుత్తి అలంకారం అనుకునేవాళ్లకి: 1983 సెప్టెంబరు 26న బైకనూర్‌లో తీతోవ్, స్ట్రెకాలోవ్ కూర్చున్న సోయజ్ రాకెట్‌కి ప్యాడ్ మీదే నిప్పంటుకుంది. మంటలో కేబుళ్లు కాలిపోయి ఆటోమేటిక్ సంకేతం పోలేదు. నియంత్రణ కేంద్రం నుంచి రేడియోలో ఆజ్ఞ పంపాల్సి వచ్చింది. టవర్ వాళ్లను లాక్కెళ్లిన రెండు సెకన్లకు రాకెట్ పేలింది. శరీరం మీద 14 నుంచి 17 జీ, అంటే ఒంటి బరువుకి అన్ని రెట్ల భారం పడినా ఇద్దరూ బతికారు. ఇది జరిగిన ఆరు నెలలకే, 1984 ఏప్రిల్ 3న, రాకేశ్ శర్మ అదే కుటుంబానికి చెందిన రాకెట్ ఎక్కారు.

#4 మూడోకక్ష్య
బాగుంది. మరి 2023లో ఈ తప్పించుకునే ఏర్పాటుని పరీక్షించిన టీవీ-డీ1లో ఎగిరింది ఎల్‌వీఎం3 కాదు కదా? చిన్న రాకెట్‌తో చేసిన పరీక్ష పెద్దదానికి ఎలా సరిపోతుంది? 2018లోనే ప్యాడ్ అబార్ట్, అంటే ప్యాడ్ మీద నుంచే తప్పించుకునే పరీక్ష, అయిపోయింది, మళ్లీ ఇదెందుకు?

#5 నింగిచూపు
రెండూ వేరు వేరు ప్రశ్నలకు జవాబులు. 2018 జులై 5 పరీక్ష సున్నా వేగం, సున్నా ఎత్తు. 12.6 టన్నుల బరువు, 259 సెకన్లు, దాదాపు 2.7 కి.మీ. ఎత్తుకు పోయి సముద్రంలో దిగింది. 'ప్యాడ్ మీద ఉండగానే ప్రమాదమైతే?' అన్నదానికే అది జవాబు.

అసలు కష్టం ధ్వనివేగం దాటే దగ్గర. గాలి ఒత్తిడి దాదాపు శిఖరంలో ఉంటుంది, షాక్ తరంగాలు మాడ్యూల్ మీద ఎటు కదులుతాయో చెప్పడం కష్టం. ఆ పరిస్థితి తెప్పించడానికి ప్రతిసారీ ఎల్‌వీఎం3ని తగలేయక్కర్లేదు. మార్చిన ఒకే ఒక్క వికాస్ ఇంజిన్‌తో టెస్ట్ వెహికల్ కట్టారు. 2023 అక్టోబరు 21న మాక్ 1.2 (ధ్వనివేగానికి 1.2 రెట్లు) వేగంలో, సుమారు 11.7 కి.మీ. ఎత్తులో అబార్ట్ చేశారు. మాడ్యూల్ 17 కి.మీ. దాకా ఎగసి, తీరానికి 10 కి.మీ. దూరంలో దిగింది. మాడ్యూల్‌కి కావలసింది ఆ వేగం, ఆ గాలి. కింద ఏ రాకెట్ ఉందో దానికి అనవసరం. అమెరికా వాళ్లు కూడా అపోలోకి ముందు లిటిల్ జో-2 అనే పొట్టి రాకెట్‌తో ఇదే పని చేశారు.

అదే రోజు పొద్దున కౌంట్‌డౌన్ 5 సెకన్ల దగ్గర ఆగింది. తేడా ఏమిటో చూసి, సరిచేసి, 10 గంటలకు వదిలారు. కింద ఉన్నది ద్రవ ఇంజిన్ కాబట్టి ఆ దశలోనూ నింపాదిగా ఆగొచ్చు.

#6 గొడుగు
ఆ పరీక్షలో అందరూ మరిచిపోయే సంగతి ఒకటి ఉంది. మాడ్యూల్ నీళ్లలో తలకిందులుగా తేలింది. నౌకాదళం దాన్ని అలాగే ఎత్తి తెచ్చింది. టీవీ-డీ1లో వాడింది లోపల గాలి పీడనం లేని నమూనా. అసలు మాడ్యూల్‌లో నిటారుగా లేపడానికి గాలి సంచులు కావాలి. శంకువు ఆకారంలో ఉన్న ఇలాంటి మాడ్యూళ్లకి సాధారణంగా నీళ్లలో రెండు స్థిర స్థితులు ఉంటాయి: నిటారు, తలకిందులు. అపోలోలోనూ మూడు సంచులు ఊదితేనే తిరగబడేది. తలకిందులుగా ఉంటే యాంటెన్నా నీళ్లలో మునుగుతుంది, తలుపు నీళ్లలో మునుగుతుంది, మూడు రోజులు భారరహితంగా ఉండి వచ్చిన మనిషి బెల్టులకు వేలాడుతుంటాడు. కొచ్చిలో ఐఎన్ఎస్ గరుడలో నీటి శిక్షణ పెట్టింది ఇందుకే.

ఇక పారాచూట్లు. మొత్తం 10. రెండు పైమూత లాగడానికి. రెండు డ్రోగ్‌లు, ఒక్కోటి 5.8 మీటర్లు, ఊపు తగ్గించి వేగం దించడానికి. మూడు పైలట్లు, వాటి పని పెద్దవాటిని బయటికి లాగడమే. చివరికి మూడు ప్రధాన పారాచూట్లు, ఒక్కోటి 25 మీటర్ల వ్యాసం. రెండు తెరుచుకుంటే చాలు, మూడోది పూచీకత్తు. 1971 ఆగస్టులో అపోలో 15 దిగేటప్పుడు మూడింట్లో ఒకటి చితికిపోయింది, మిగతా రెండింటితో క్షేమంగా దిగారు. దిగే ముందు బయటికి వదిలేసిన థ్రస్టర్ ఇంధనం పారాచూట్ తాళ్లను పాడు చేసిందని అనుమానించారు. 'ఎక్కువైతే పారబోద్దాం' అనుకున్న ఇంధనం ఎటు పోతుందో కూడా లెక్క వేయాలి.

ఒకేసారి పూర్తిగా విచ్చుకుంటే గుడ్డ చిరిగిపోతుంది. అందుకని అంచు చుట్టూ తాడు బిగించి మొదట సగమే విచ్చుకోనిస్తారు. కొన్ని సెకన్లకు చిన్న పేలుడు కత్తెర ఆ తాడును తెంపుతుంది. రెండు పారాచూట్లలో ఒకదాని తాడు ముందు తెగి, ఇంకోదానిది ఆలస్యమైతే? ముందు విచ్చుకున్నదాని మీదే బరువంతా పడుతుంది. 2025 నవంబరు 3న ఝాన్సీ దగ్గర బబీనాలో ఐఎల్-76 విమానం నుంచి 2.5 కి.మీ. ఎత్తులో వదిలి చూసింది సరిగ్గా ఈ చెడు సందర్భాన్నే. అదే సంవత్సరం ఆగస్టు 24న చినూక్ హెలికాప్టర్ నుంచి సుమారు 5 టన్నుల డమ్మీని వదిలి మొత్తం వరసని చూశారు.

ఇంత జాగ్రత్త ఎందుకో 1967 ఏప్రిల్ 24 చెబుతుంది. సోయజ్-1లో డ్రోగ్ వచ్చింది, కానీ ప్రధాన పారాచూట్‌ని పెట్టెలోంచి లాగలేకపోయింది. కొమరోవ్ చనిపోయారు. మూత తీయడం, లాగడం, విప్పడం, వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఏమవుతుందో చూపించింది ఇది.

#7 నేలమీదనే
ఇదంతా చదివితే ఒకటే అనిపిస్తోంది. ఇంత డబ్బు, ఇంత రిస్కు ఎందుకు? 2025లో శుభాంశు శుక్లా అమెరికా ప్రైవేటు యాత్ర యాక్సియమ్-4లో టికెట్ మీద అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చారు కదా. జూన్ 25న బయల్దేరి జులై 15న దిగారు. మూడు రోజుల గగన్‌యాన్ కంటే అదే ఎక్కువ. టికెట్లు కొనుక్కుంటే పోలా?

#8 ఘనఇంధనం
వాదనకి బాగానే ఉంటుంది. కానీ ఆ టికెట్టులో కూడా ప్రయాణం వాయిదా పడింది. ఫాల్కన్-9లో ద్రవ ఆక్సిజన్ కారిందని ఒకసారి, అంతరిక్ష కేంద్రంలోని జ్వెజ్దా మాడ్యూల్ లీకు చూడాలని ఇంకోసారి. ఎదుటివాడి బండి ఎక్కితే వాడు ఆగినప్పుడు మనమూ ఆగాలి. పైగా అంతరిక్ష కేంద్రమే ఎక్కువ కాలం ఉండదు. టికెట్టు ఎక్కడికని కొంటాం?

డబ్బు సంగతి. 20,193 కోట్లలో గగన్‌యాన్ ఒక్కటే లేదు, భారతీయ అంతరిక్ష స్టేషన్ మొదటి మాడ్యూల్ కూడా కలిపారు. పెరిగిన 11,170 కోట్లనూ అలా చూడాలి. ఖర్చు పెరిగింది అన్నప్పుడు పనీ పెరిగిందని చెప్పకపోతే లెక్క తప్పుతుంది. 2022 అన్న గడువు మాత్రం మొదటి నుంచీ కుదరని గడువే, దాన్ని నేనూ సమర్థించను.

#9 లిథియం
అందరూ రాకెట్, పారాచూట్ల దగ్గరే ఉన్నారు. బయటివాళ్లు ఇవ్వం అన్నది లోపలి గాలి వ్యవస్థనే. ప్రాణాధార వ్యవస్థ కొందామని చూశారు, ఎవరూ ఇవ్వలేదు, మనమే చేసుకుంటున్నామని 2023 చివర్లో అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ బాహాటంగానే చెప్పారు. ఆలస్యంలో దీని వాటా తక్కువేమీ కాదు.

చేతి లెక్క చూడండి. మనిషికి రోజుకి దాదాపు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి, సుమారు 1 కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ముగ్గురికి మూడు రోజులంటే ఏడున్నర కిలోల ఆక్సిజన్, 9 కిలోల కార్బన్ డయాక్సైడ్. లిథియం హైడ్రాక్సైడ్ వాడితే కాగితం మీద 44 గ్రాముల వాయువుకి 48 గ్రాములు, అంటే 10 కిలోల దాకా. డబ్బాలో గాలి అన్ని మూలలకీ సమానంగా పారదు, తేమ పేరుకుంటుంది, కాబట్టి అంతకంటే ఎక్కువే పెట్టుకోవాలి. ఆలస్యంగా దిగాల్సి వస్తే దానికీ వేరే నిల్వ.

అంకెలు చిన్నవే. ఇబ్బంది పెట్టేది భారరహిత స్థితి. అక్కడ వేడి గాలి పైకి లేవదు. నిద్రపోతున్న మనిషి ముక్కు ముందు తను వదిలిన గాలే ముద్దలా నిలిచిపోతుంది. ఫ్యాను ఆగితే తలనొప్పితో మొదలవుతుంది. చెమట కారదు, ఒంటికి అంటుకుని ఉంటుంది. తేమని చల్లటి పలకల మీద నీరుగా మార్చాలి, ఆ నీరు కిందికి జారదు కాబట్టి పీల్చి తీయాలి. వీటిని నేలమీద పూర్తిగా పరీక్షించలేం.

గాలి మిశ్రమంలో మాత్రం బేరం లేదు. మామూలు గాలిలాగే ఆక్సిజన్, నైట్రోజన్, సముద్రమట్టపు పీడనం. 1967 జనవరి 27న అపోలో-1లో బయటి గాలి కంటే ఎక్కువ పీడనంతో స్వచ్ఛమైన ఆక్సిజన్ నింపారు. చిన్న నిప్పురవ్వ చాలింది. తలుపు లోపలికి తెరుచుకునే రకం, లోపలి పీడనమే దాన్ని బిగించేసింది. గ్రిసమ్, వైట్, చాఫీ నేలమీదే చనిపోయారు.

#10 మూడోకక్ష్య
సోయజ్-11లోనూ ముగ్గురు పారాచూట్ తెరుచుకోక పోయారు కదా?

#11 గొడుగు
కాదండీ, పారాచూట్లు చక్కగా పనిచేశాయి, మాడ్యూల్ మెత్తగా దిగింది. 1971 జూన్ 30న మాడ్యూళ్లు విడిపోయే అదురుకి గాలి సమం చేసే చిన్న వాల్వు 168 కి.మీ. ఎత్తులో తెరుచుకుంది. నాలుగు కి.మీ. ఎత్తు దగ్గర తెరుచుకోవలసిన వాల్వు అది. ముగ్గురిని ఇరికించడం కోసం ప్రెషర్ సూట్లు లేకుండా పంపారు. ఆ తర్వాత ఏళ్లపాటు సోయజ్‌లో ఇద్దరే, సూట్లతో. గగన్‌యాన్‌లో ముగ్గురికీ సూట్లు, సూట్లకి వేరే ఆక్సిజన్ గొట్టాలు ఉండడం అందుకే.

#12 రాడార్‌గది
తిరుగు ప్రయాణం ఎవరూ ఎత్తలేదు. 400 కి.మీ. కక్ష్యలో వేగం సెకనుకి 7.67 కి.మీ. కిందికి దిగడానికి తగ్గించాల్సింది సెకనుకి సుమారు 100 మీటర్లే, మిగతా వేగమంతా గాలే తింటుంది. ఆ కొంచెం బ్రేకు ఎప్పుడు వేస్తారన్నదే ముఖ్యం. ఒక సెకను ఆలస్యమైతే దిగే చోటు ఏడు కి.మీ. పైగా ముందుకి జరుగుతుంది. 1965 మార్చిలో సోవియట్ నౌక వోస్ఖోద్-2 ఆటోమేటిక్ వ్యవస్థ పనిచేయక చేత్తో బ్రేకు వేశారు. 46 సెకన్లు ఆలస్యం. 386 కి.మీ. దూరంలో అడవిలో, మంచులో దిగారు. గుణించి చూసుకోండి, అందులో సింహభాగం ఆ 46 సెకన్లదే.

గడియారం తప్పితే ఏమవుతుందో 2019 డిసెంబరులో బోయింగ్ నౌక స్టార్‌లైనర్ చూపించింది. మిషన్ టైమర్ 11 గంటలు తేడా. తను ఏ దశలో ఉందో తెలియక థ్రస్టర్లను వృథాగా మండించి, అంతరిక్ష కేంద్రానికి చేరలేక తిరిగొచ్చింది.

వేడి కవచానికి మన అనుభవం మెట్లు మెట్లుగా వచ్చింది. 2007 జనవరిలో ఎస్ఆర్ఈ-1 అనే చిన్న క్యాప్సూల్: 550 కిలోలు, కక్ష్యలో 12 రోజులు, బంగాళాఖాతంలో దిగింది. 2014 డిసెంబరు 18న కేర్ అనే మనిషి లేని మాడ్యూల్, కక్ష్యకి చేరకుండానే తిరిగొచ్చింది: 3,775 కిలోలు, 126 కి.మీ. ఎత్తు, సెకనుకి 5.3 కి.మీ. దగ్గరగా వేగం. కేర్ సఫలమైంది కదా అని ధీమా వద్దు. శక్తి వేగపు వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి కక్ష్య నుంచి వచ్చేదానికి కిలోకి రెట్టింపు శక్తి ఉంటుంది. వేడెక్కే రేటు దాదాపు వేగపు ఘనంతో పెరుగుతుంది, అంటే మూడు రెట్లు. కక్ష్య నుంచి 5 టన్నుల మాడ్యూల్‌ని తేవడం ఈ రెండు పరీక్షల్లో దేనిలోనూ చూడలేదు.

ప్లాస్మాలో రేడియో పోయే నిమిషాలు సరే. మిగతా సమయంలోనూ మన నేలమీది స్టేషన్లకు మాడ్యూల్ కనిపించేది కొంతసేపే. అందుకే కోకోస్ దీవుల్లో తాత్కాలిక స్టేషన్, పైన డేటా రిలే ఉపగ్రహాల ప్రణాళిక.

#13 నేలమీదనే
సరే, ఒప్పుకుంటున్నా, టికెట్టు వాదన వెనక్కి తీసుకుంటున్నా. కానీ స్టేషన్ 2035, చంద్రుడు 2040 అనే లక్ష్యాలు మరీ 2022 లాంటివే కావా?

#14 ఘనఇంధనం
చంద్రుడి సంగతి పక్కన పెట్టండి, ఎల్‌వీఎం3తో అయ్యేది కాదు. దానికి 30 టన్నులు మోసే కొత్త తరం రాకెట్ ఎన్‌జీఎల్‌వీ రావాలి. 2024లో 8,240 కోట్లు ఇచ్చారు. స్టేషన్‌కి కనీసం ఒక ముక్క చేతిలో ఉంది: 2025 జనవరి 16న కక్ష్యలో నౌకల్ని జోడించే ప్రయోగం స్పేడెక్స్‌లో 220 కిలోల రెండు ఉపగ్రహాలు కలిశాయి, మార్చి 13న విడిపోయాయి. 220 కిలోలు కలపడానికీ, 8 టన్నుల గగన్‌యాన్‌ని మనుషులతో సహా స్టేషన్‌కి కలపడానికీ తేడా వేరే చెప్పక్కర్లేదు. కొలిక్కి రాని వేగం సెకనుకి కొన్ని సెంటీమీటర్లున్నా ఆ బరువుతో గుద్దితే సీళ్లు చెడతాయి.

#15 రాడార్‌గది
మూడోకక్ష్య గారూ, తేదీలు వదిలేసి మనిషి బదులు వ్యోమమిత్ర అనే రోబో కూర్చునే తొలి గగన్‌యాన్ ప్రయాణం జీ1లో ఇవి చూడండి. ఎస్200లు విడిపోయే దగ్గర ఊపు ఎంత. కక్ష్యలో క్యాబిన్ పీడనం గంటగంటకీ ఎంత తగ్గింది. సర్వీస్ మాడ్యూల్ థ్రస్టర్లలో ఎన్ని ఆగాయి, హీలియం కారిందా. 2024లో స్టార్‌లైనర్ మనుషుల్ని అక్కడే వదిలేసి ఖాళీగా తిరిగొచ్చింది ఈ రెండింటి వల్లే. బ్రేకు వేశాక దిగిన చోటుకీ లెక్క వేసిన చోటుకీ మధ్య ఎన్ని కిలోమీటర్లు. దిగాక సంచులు ఊది నిటారుగా లేచిందా, లేచేందుకు ఎన్ని నిమిషాలు పట్టింది. విజయవంతం అన్న ప్రకటన ఎలాగూ వస్తుంది, ఈ ఐదు అంకెలు బయటపెట్టారో లేదో చూసుకోండి.

#16 గొడుగు
ఆరోది కలపండి: మూడు ప్రధాన పారాచూట్ల తాళ్లు ఎంత తేడాతో తెగాయి.